కొవ్వు తీసిన పాట

ఓబీ బాబాయ్ దేన్నీ పూర్తిగా బతకనివ్వరు. చేతికి ఏది చిక్కినా ఆ చివరా ఈ చివరా కోసి, నడుమ ముక్క ఒక్కటే ఉంచుతారు. మాటైనా సరే, ఫొటో అయినా సరే, ప్రార్థన అయినా సరే. "కొవ్వు తీసి చెప్పు" అన్నది ఆయన పలకరింపు. "బాగున్నారా బాబాయ్?" అని అడిగితే, "బాగున్నా. అందులో 'బాబాయ్' కొవ్వు" అంటారు.

షికాగో కబేళాల్లో ముప్పై ఏళ్లు మాంసం కోసిన చెయ్యి అది. కబేళాలు మూతపడ్డాయి గాని చెయ్యి మూతపడలేదు. ఆయన ముందుగదిలో గోడకు వాళ్ల పెళ్లి ఫొటో ఉంది. అందులో ఆయనా, పోయిన పిన్నీ మెడల వరకే ఉంటారు.

"పిన్ని పెళ్లి గౌను ఏదండీ?" అని అడిగాను ఒకసారి.

"నేను గౌనుని చేసుకోలేదు కదమ్మా" అన్నారు.

థాంక్స్‌గివింగ్ నాడు మా పాస్టర్ బ్రాడ్‌నాక్స్ గారిని భోజనానికి పిలిచాం. ఆయన కళ్లు మూసుకుని "ప్రభువా, ఈ టర్కీ కోసం, ఈ ఆకుకూర కోసం, ఈ మొక్కజొన్న రొట్టె కోసం, ఈ రొట్టెను కాల్చిన పొయ్యి కోసం..." అని మొదలుపెట్టారు. పొయ్యి దగ్గరకు వచ్చేసరికి ఓబీ బాబాయ్ "ఆమెన్!" అని గట్టిగా అన్నారు. అలవాటు కొద్దీ అందరం "ఆమెన్" అనేసి ఫోర్కులు అందుకున్నాం. పాస్టర్ గారు పొయ్యి నుంచి గ్యాసు కంపెనీ దాకా వెళ్లి, కళ్లు తెరిచి చూసేసరికి టర్కీకి ఒక కాలు లేదు.

ఆయనది కింది వాటా. పై వాటాలో నేనూ, నా భర్త లమారూ, మా పాప నియా. నాది నగరపాలక సంస్థలో నీళ్లు పరీక్షించే ఉద్యోగం. లమార్ పగలు బస్సుల షెడ్డులో పనిచేస్తాడు. శనివారాలు చక్రాల బూట్లతో జారే హాల్లో రికార్డులు వేస్తాడు.

ఓబీ బాబాయ్‌కి అసలైన రాజ్యం మా న్యూ గిలాదు చర్చిలో ఉంది. మంచాన పడి చర్చికి రాలేని ముసలివాళ్లకు ఆదివారం ఆరాధనను క్యాసెట్లలో నింపి పంపుతారు. ఆ పని ఆయనది. వెనక వరస వెనకాల పెద్ద టేపు యంత్రం పెట్టుకుని కూర్చుంటారు. పాప ఏడిస్తే బయటికి పరుగెత్తడానికి వీలుగా నేనూ ఆ మూలే కూర్చుంటాను. సోమవారం ఆయన ఆ టేపును వంటింటి బల్ల మీద పరిచి, రేజరు బ్లేడుతో కోసి, అతికి, మిగిలినదాన్ని క్యాసెట్లలోకి ఎక్కిస్తారు. మిగిలేది ఎంత అని అడగకండి. రెండు గంటల ప్రసంగం పావుగంటలో ముగుస్తుంది.

"బ్రదర్ పెట్వే! నేను నోవహు ఓడ గురించి చెప్పాను. నీ టేపులో వాన మొదలవగానే ఇంద్రధనుస్సు వచ్చేసింది!" అని పాస్టర్ గారు ఒకసారి ఓబీ బాబాయ్‌ని చర్చి మెట్ల మీదే నిలదీశారు.

"తడిసినవాళ్లు తొందరగా ఆరాలి కదండీ."

"నలభై రోజుల వాన ఏదయ్యా?"

"కొవ్వండీ."

పాస్టర్ గారి ప్రసంగమే కాదు, కోశాధికారి నివేదిక, పెళ్లి ప్రకటనలు, గాయకబృందం పాటలు, అన్నిటికీ అదే బ్లేడు. ఆయన్ని తీసేయమని పాస్టర్ గారు పెద్దల దగ్గర మొరపెట్టుకున్నారు. కానీ మంచాన ఉన్నవాళ్లు ఒప్పుకోలేదు. "పూర్తి ప్రసంగం పంపేటట్టయితే వద్దు. మిగతాది నేరుగా పరలోకంలో వింటాను" అని ఒక ముసలాయన కబురు పెట్టాడు.

ఇక పాట సంగతి.

మా గాయకబృందానికి ముందు నిలబడి పాడేది వర్నెల్లా పెద్దమ్మ. డెబ్బై దాటిన మనిషి. ఆవిడ టోపీ ముందు వస్తుంది, తర్వాత ఆవిడ వస్తుంది. భర్త పోయాక ఆవిడకు ఇల్లంటే ఆ పాటల వేదికే. పాట చివర ఒక చెయ్యి పైకెత్తి, "నిలబెట్టూ..." అని దేవుణ్ని పిలుస్తూ ఒక కేక వేస్తుంది. ఆ కేక వినడానికే కొందరు చర్చికి వచ్చేవారు.

నియాకు మూడో నెలలో సాయంత్రం ఏడుపులు పట్టుకున్నాయి. అయిదింటికి మొదలుపెడితే అన్నం వేళ దాటినా ఆపేది కాదు. సైన్సు చదివినదాన్ని కదా, పాల వేడి, గది వేడి, నీళ్ల వేడి అన్నీ ల్యాబు థర్మామీటరు పెట్టి చూశాను. "పిల్లని పెంచుతున్నావా, ఉడకబెడుతున్నావా?" అన్నాడు లమార్. ఒకరోజు నేను పాపను భుజాన వేసుకుని, పాపతో పాటు నేనూ ఏడుస్తుంటే, కింద వంటింటి కిటికీలోంచి ఓబీ బాబాయ్ టేపు వినబడింది. "నిలబెట్టూ..."

నియా ఠక్కున ఆపేసింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. టేపు ముందుకు సాగి ప్రకటనలు మొదలవగానే మళ్లీ ఏడుపు. నేను మెట్లు దిగి పరుగెత్తాను.

"బాబాయ్, ఆ కేక! ఆ కేక మళ్లీ వెయ్యండి!"

వేశారు. ఆగింది. టేపు సాగింది. ఏడ్చింది. వెనక్కి తిప్పారు. ఆగింది. అలా తిప్పి తిప్పి ఆయన వేళ్లు నొప్పెట్టాయి.

"దీనికి ఈ ఒక్క ముక్కే కావాలి, యోలీ. మీ ఇంట్లో తెలివైనది ఇదొక్కతే" అంటూ ఆ కేకను రెండు చివరలా కోసి, చివరలు రెండూ అతికి గాజులాగా చేసేశారు. ఒక వైపు యంత్రానికి తొడిగి, రెండో వైపు ఖాళీ కారం సాసు సీసాకు తొడిగారు. గాజు తిరుగుతూనే ఉంది. నిలబెట్టూ... నిలబెట్టూ... నిలబెట్టూ... పాప నిద్రపోయింది. నేనూ ఆ వంటింటి కుర్చీలోనే నిద్రపోయాను.

లేచేసరికి లమార్ గుమ్మంలో ఉన్నాడు. షెడ్డు నుంచి వచ్చినవాడు వచ్చినట్టే నిలబడిపోయి, భుజాలు ఊపుతున్నాడు. పైకి వెళ్లి, తాకట్టు కొట్లో కొనుక్కున్న డ్రమ్ము యంత్రం తెచ్చి, ఆ కేక కింద దరువు పరిచాడు. బల్ల మీద చెంచాలు ఎగరడం మొదలుపెట్టాయి.

"ఏడు నిమిషాలు ఉండాలి బాబాయ్" అన్నాడు.

"ఏడా? ఒక్క మాటకి ఏడు నిమిషాలా? కొవ్వు!" అని నేను ఆయన తరఫున ముందే అనేశాను.

ఓబీ బాబాయ్ నావైపు వింతగా చూశారు. "ఇది కొవ్వు కాదమ్మా. ఇది ఎముక. ఎంతసేపైనా ఉండనీ" అన్నారు. నాకు తెలిసినంతలో ఆయన దేన్నైనా పొడిగించింది అదే మొదటిసారి. "కానీ ముందు వర్నెల్లా అక్కని అడగాలి. అక్క కాదంటే గాజు పగలగొట్టేస్తా."

వర్నెల్లా పెద్దమ్మ వచ్చింది. టోపీ తియ్యకుండా కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

"ఇంత వేగంగా ఎక్కడికిరా పరుగెడుతున్నాను నేను?"

"ఎక్కడికీ కాదు పెద్దమ్మా, నాట్యానికి" అన్నాడు లమార్ నసుగుతూ.

"దావీదు దేవుడి ముందు నాట్యం చెయ్యలేదూ?" అంది. బల్ల కింద ఆవిడ బూటు అప్పటికే దరువేస్తోంది. "సరే గాని, రికార్డు మీద నా పేరు నీ పేరుకన్నా పెద్దగా ఉండాలి."

అలాగే వేయించాం. ఆ వసంతంలో మొదట లమార్ హాల్లో, తర్వాత రేడియోలో, ఆ తర్వాత బట్టలుతికే దుకాణంలో, మంగలి షాపులో, బస్సులో పిల్లలు భుజాన మోసే పాటల పెట్టెల్లో, ఎక్కడ విన్నా నిలబెట్టూ. నేను ల్యాబులో నీళ్ల సీసాలు కడుగుతుంటే పక్క గదిలో మా పైఅధికారి సన్నగా కూనిరాగం తీసేవాడు.

పాస్టర్ గారికి మండిపోయింది. ఒక ఆదివారం వేదిక మీద పిడికిలి గుద్ది చెప్పారు. "ఈ పాట సాతాను వల. విశ్వాసులు దీన్ని చెవిని కూడా పడనివ్వకూడదు. మనం రోజూ ఉదయం లేవగానే వినవలసింది దేవుని వాక్యం!"

సోమవారం బ్లేడు ఆడింది. క్యాసెట్టులో పాస్టర్ గారి గంభీరమైన గొంతు ఇలా పలికింది: "ఈ పాట... మనం రోజూ ఉదయం లేవగానే వినవలసింది."

బుధవారానికి మంచాన ఉన్న ముసలివాళ్లంతా పాస్టర్ గారింటికి ఫోన్లు. ఆ రికార్డు ఎక్కడ దొరుకుతుందని.

"నేనన్నదేమిటి, నువ్వు పంపిందేమిటి?" అని పాస్టర్ గారు మళ్లీ నిలదీశారు.

"అన్నీ మీ మాటలేనండీ. నా మాట ఒక్కటి కలిపితే ఒట్టు."

అయితే జనం ఫోన్లలో పొగిడిన పొగడ్తలకు పాస్టర్ గారు మెల్లగా మెత్తబడ్డారు. ఎంత మెత్తబడ్డారంటే, ఆగస్టులో చర్చి వార్షికోత్సవానికి వీధి మూసి పండగ చేసే రోజున మదర్ వర్నెల్లా ఆ పాటను స్వయంగా పాడతారని ప్రకటించేశారు. చర్చి అంతా చప్పట్లు. పెద్దమ్మ లేచి నిలబడి, టోపీ సర్దుకుని, తల ఊపింది. నా పక్కన ఓబీ బాబాయ్ ముఖం పాలిపోయింది.

ఎందుకో నాకూ తెలుసు. చర్చిలో కూర్చునే వాళ్లందరికీ తెలుసు గాని ఎవరూ పైకి అనరు. పాస్టర్ గారు మాత్రం ఆ వేళకు తన ప్రసంగం కాగితాల్లో మునిగి ఉంటారు, ఆయన చెవికి ఎక్కలేదు. రెండు మూడేళ్లుగా పెద్దమ్మకు ఆ కేక అందడం లేదు. చెయ్యి లేస్తుంది, నోరు తెరుచుకుంటుంది, గొంతులోంచి గాలి లాంటిది వస్తుంది. ఆ క్షణానికి గాయకబృందం గొంతులు పెంచి కప్పేస్తుంది. పండగ రోజున కప్పడానికి ఎవరూ ఉండరు. ఊరి కుర్రకారంతా ఆ కేక కోసమే వస్తారు. వాళ్ల ముందు గొంతు విరిగితే ఆవిడ మళ్లీ వేదిక ఎక్కదు. ఆవిడ సంగతి నాకు తెలుసు, ఇంట్లో టోపీ తీసి పడుకుంటుంది, అంతే.

ఓబీ బాబాయ్ పాస్టర్ గారి వెంట పడ్డారు. "కార్యక్రమం పొడుగైందండీ. ఆ పాట కోసేద్దాం."

"ఒక్కసారి నీ పద్ధతే పాటిద్దామయ్యా" అన్నారు పాస్టర్ గారు సంబరంగా. "మిగతావన్నీ కొవ్వు. అదొక్కటే ఉంచుదాం."

ఆ శనివారం వీధి రెండు వైపులా మూశారు. వీధి కుళాయి విప్పారు, పిల్లలు తడుస్తున్నారు. పొయ్యిల మీద మాంసం పక్కటెముకలు కాలుతున్న పొగ. వేదిక అంటే ఒక లారీ. దానికి కరెంటు ఓబీ బాబాయ్ ముందుగది కిటికీలోంచి తీశారు. ఊదా రంగు టోపీతో పెద్దమ్మ లారీ ఎక్కింది. లమార్ దరువు వేశాడు. మైకు పట్టుకుని ఆవిడ కింది స్వరంలో పాడుతుంటే జనం ఊగిపోయారు. కింది స్వరం ఆవిడకు ఇంకా బంగారమే. పాట ఎక్కుతోంది. నేను పాపను గట్టిగా పట్టుకున్నాను. పెద్దమ్మ చెయ్యి లేచింది. ఆవిడ కళ్లలో అంతకుముందు ఎన్నడూ చూడని భయం. నోరు తెరిచింది.

టప్. దరువు ఆగింది. మైకు ఆగింది. వీధంతా నిశ్శబ్దం.

అందరం కిటికీ వైపు తిరిగాం. ఓబీ బాబాయ్ చేతిలో ప్లగ్గు వేలాడుతోంది.

ఎవరైనా తిట్టడం మొదలుపెట్టేలోపు, వేసవంతా ఆ పాటకు ఎగిరిన జనం, నోటి చివర ఉన్నదాన్ని ఆపుకోలేక, ఒక్కసారిగా అరిచారు. "నిలబెట్టూ...!" కుళాయి దగ్గర పిల్లలు, మెట్ల మీద ముసలమ్మలు, బాల్కనీల్లో బట్టలు ఆరేస్తున్నవాళ్లు. పెద్దమ్మ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఒక్క క్షణం బిత్తరపోయి చూసింది. తర్వాత ఆ చేతినే గాయకబృందానికి తిప్పినట్టు వీధికి తిప్పింది. ఇంకోసారి. ఇంకోసారి. ఆవిడ నవ్వుతోంది. ప్లగ్గు మళ్లీ గోడకెక్కింది, దరువు విరుచుకుపడింది. మళ్లీ ఆ చోటు రాగానే, టప్.

పెద్దమ్మ లారీ దిగాక అందరూ బాబాయ్ మీద పడ్డారు.

"నా యంత్రం కాలిపోయేది బాబాయ్!" అని లమార్.

"ఈ ఒక్కదాన్ని కూడా వదలవా?" అని పాస్టర్ గారు.

"పొడుగైందండీ" అన్నారు ఆయన తల గోక్కుంటూ.

తర్వాతి వారం హాల్లో పాట ఆ చోటికి రాగానే జనం తమంతట తామే అరిచారు. లమార్‌కు రికార్డు చప్పుడు తగ్గించక తప్పలేదు. ఇప్పుడు ఎవరు ఆ రికార్డు వేసినా అక్కడ ఆపుతున్నారు. మరో ముగ్గురు ఆ కేకను కోసుకుపోయి వాళ్ల పాటల్లో అతికించుకున్నారు. మొన్న లండన్ నుంచి లమార్ స్నేహితుడు ఫోన్ చేసి, అక్కడా ఆపుతున్నారనీ, ఆ ఎత్తుగడ ఏ మేధావిదో చెప్పమనీ అడిగాడు. ఆ మేధావి అప్పుడు కింద మా నియా పుట్టినరోజు కార్డు అంచులు కోస్తున్నారు.

ఇది రాస్తే ఆయన చదువుతారేమోనన్న భయం నాకు లేదు. మొదటి పేరా దాటి ఆయన దేన్నీ చదవరు. అందుకే మిగతాది ధైర్యంగా చెబుతున్నాను.

పోయిన వారం పెద్దమ్మ నియాను ఆడించడానికి వచ్చింది. "బాబాయ్ ఆ రోజు మీ పాట పాడు చేశారని కోపంగా ఉందా?" అని అడిగాను.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఇంత చదువు చదివావు, నీళ్లలో కనబడని పురుగుని పట్టుకుంటావు. ఇది పట్టలేకపోయావా? పక్కనే గేరీ ఊళ్లో మంచాన ఉన్న మా చెల్లెలి దగ్గర వాడి క్యాసెట్లు వింటుంటాను. ప్రతి వారం నా కేక అద్భుతం. పోయిన చలికాలంలో జలుబు చేసి నేను చర్చికే పోలేదు. ఆ వారమూ అద్భుతంగానే పాడాను!"

నేను కిటికీలోంచి కింది వాటా వైపు తొంగిచూశాను.

"పాత టేపులోంచి మంచి కేక తీసి, విరిగినదాని చోట అతుకుతాడు వెధవ. నీ పిల్ల విన్నదీ అదే."

"మరి పాస్టర్ గారి ప్రసంగం, ఆ నివేదికలు..."

"వాడికి కోసే పిచ్చి ముందు నుంచీ ఉంది, కాదనను. కానీ టేపుల జోలికి వెళ్లేవాడు కాదు. నా గొంతు జారిన ఏడాదే బ్లేడు తీశాడు. నా ఒక్కదాన్నే కోస్తే టేపులు వినేవాళ్లు పట్టేస్తారని అందర్నీ కోశాడు. ఊరందరికీ గుండు కొట్టిస్తే బట్టతల ఎవరిదో తెలియదు కదమ్మా."

"ఆయనకి ఒక్క మంచి మాట చెప్పకూడదా పెద్దమ్మా?"

"చెబితే వాడి గుట్టూ పోతుంది, నా గుట్టూ పోతుంది. ఇలా చూడు" అని పాపను నాకిచ్చి, టోపీ సర్దుకుని మెట్లు దిగింది. వెళ్లి ఆయన తలుపు దబదబా బాదింది. వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"ఒరే ఓబీ! అంతమంది ముందు నా పాట నరికేస్తావా? అంత మంచి కేక నా గొంతులో సిద్ధంగా ఉంటే ప్లగ్గు పీకుతావా? ఆకాశం అదిరిపోయేదిరా! నీకు చెవులున్నాయా? సంగీతమంటే తెలుసా నీకు? మీ నాన్నకి తెలుసా?" అంటూ మొదలుపెట్టింది. నాన్న నుంచి తాత దాకా, తాత నుంచి వాళ్లు అలబామా నుంచి వచ్చిన రైలు దాకా వెళ్లింది. ఎదురింటివాళ్లు పాపం బాబాయ్ అని తలలు ఊపుతున్నారు.

ఓబీ బాబాయ్ గుమ్మంలో చేతులు కట్టుకుని వింటున్నారు. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగితే, లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశారు.

"కూర్చుని చెప్పు అక్కా" అన్నారు. "నాకేం తొందర లేదు."