కుంకుడు రసంతో కడిగిన చేపల తొట్టి

మా ఇంట్లో చేపలు తినే అలవాటు లేదు. అందుకే అన్న మద్రాసు రైలు దిగి హార్లిక్స్ సీసాలో నాలుగు బంగారు చేపలు తెచ్చిన రోజున పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏమప్పా, శెట్టిగారింట్లో పులుసు మొదలుపెట్టినారా?" అని ఎగతాళి చేసింది. అన్న పగలబడి నవ్వాడు.

తొట్టి చేయించిందీ తనే. ఇనుప చట్రం, నాలుగు పక్కలా అద్దాలు, నీళ్లు కారకుండా సందుల్లో లప్పం. స్వర్ణముఖి ఏట్లో గులకరాళ్లు ఏరుకొచ్చి అడుగున పరిచాడు. సాయంత్రం నాయన అంగడి మూసి వస్తే ఇద్దరూ దాని ముందు చాప వేసుకుని కూర్చునేవాళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలీదు. నేను పోతే ఆపేసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

కామెర్లొచ్చి అన్న పన్నెండు రోజుల్లో పోయాడు. చేపల్ని ఎవరికో ఇచ్చేసి, తొట్టికి గోనెసంచి చుట్టి అటక ఎక్కించాం. అమ్మ రోజూ కొడుకును తలుచుకుని ఏడ్చేది, ఏడ్చి కాస్త తేలికపడేది. నాయన మాత్రం అన్న పేరు ఎత్తలేదు. ఇంకెవరైనా ఎత్తితే లేచి అవతలికి పోయేవాడు. ఒక నెల కాదు, రెణ్ణెల్లు కాదు, ఏడేళ్లు. ఈ మనిషికి ఇంత మొండితనం ఏమిటని నాకు కోపం. కోపం అంటున్నాను గానీ, నిజానికి అది భయం. కన్నతండ్రి నోట పేరు కూడా వినబడకపోతే, అన్న మా ఇంట్లో పుట్టనే లేదేమో అనిపించేది.

ఆ ఏడో ఏడు ఎండాకాలం సెలవుల్లో నేనే అటకెక్కి తొట్టి దించాను. దాని ముందు చాప వేస్తే నాయన కూర్చుంటాడనీ, కూర్చుంటే అన్న గురించి ఒక్క మాటైనా అంటాడనీ నా ఆశ. నీళ్లు పోసి చూస్తే లప్పం ఎండి పెచ్చులూడి, వసారా అంతా మడుగైంది. పటాలు కట్టే ఆయన వచ్చి పాతది గీకేసి కొత్త లప్పం పెట్టిపోయాడు.

ఇక కడగడం. అద్దాలకు పాచి గారకట్టి ఉంది, గులకరాళ్లకు బొద్దింకల కంపు. "తొట్టికి సబ్బు మాత్రం తగలనీయొద్దు మే, చేపలు చస్తాయి" అని అన్న నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ మాట నాకు వేదం. అందుకే సబ్బు జోలికే పోలేదు. తలంట్లకు దాచిన కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, చిక్కగా రసం పిసికాను. రాళ్లను అందులో నానేసి నురగ వచ్చేలా రుద్దాను. అద్దాలు తళతళలాడాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాయన స్తంభానికి ఆనుకుని చాలాసేపు చూశాడు. "ఏమ్మా..." అని ఆగాడు.

"ఏం నాయనా?"

"ఏం లేదులే" అని చెప్పులేసుకుని అంగడికి పోయాడు. అంతసేపు నిలబడి చూశాడు కదా, అదే పదివేలు అనుకున్నాను.

నీళ్లు నింపి రెండు రోజులు ఉంచి, బస్టాండు దగ్గర అమ్మే ఆయన దగ్గర ఆరు చేపలు తెచ్చి పొద్దున్నే వదిలాను. మధ్యాహ్నానికి అన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. గాబరాపడి నీళ్లు మార్చాను. ఆ రాళ్లు మాత్రం అందులోనే ఉన్నాయి. నాయన ఇంటికొచ్చేసరికి ఆరూ వెల్లకిలా తేలాయి. పరిచిన చాప పరిచినట్టే ఉంది.

"కుంకుడుకాయమ్మా. చేపలకు సబ్బెంతో అదీ అంతే" అన్నాడు నాయన.

"నీకెట్ల తెలుసు?"

"మొదట్లో వాడూ ఇట్లనే కడిగినాడు. మీరు చంద్రగిరికి పెండ్లికి పోయినప్పుడు. నాలుగూ సచ్చిపోయినాయి. మీరు వచ్చేలోపల మద్రాసు పొయ్యి అట్లాంటివే తెచ్చి పోసినాడు. అమ్మకూ చెల్లికీ చెప్పొద్దు నాయనా, ఎగతాళి చేస్తారు అన్నాడు."

నేను ఏడేళ్లుగా ఎదురుచూసిన మాట అదే. కానీ ఆ క్షణాన నాకు కోపం తప్ప ఇంకేమీ తోచలేదు. "తెలిసుండీ చెప్పలేదా? నేను రుద్దుతా ఉంటే నిలబడి సూస్తా ఉంటివే!" అని వీధంతా వినబడేట్టు అరిచాను.

నాయన తొట్టి వైపే చూస్తూ, "చెప్పాలంటే వాని పేరు ఎత్తాల గదమ్మా" అన్నాడు. "ఎత్తితే నిలబడలేననిపించినాది."

తర్వాత అన్నను పేరు పెట్టి పిలిచాడు, లోపలి గదిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు, ఒక్కసారే. కాళ్లు మడతపడి, మోకాళ్ల మీద నేలకు కుంగిపోయాడు. లేపడానికి అమ్మా నేనూ చెరోవైపు పట్టుకోవాల్సి వచ్చింది.