పదహారు సెకన్ల కిందటి దగ్గు

ఆయనకి నిదానం అని పేరు పెట్టింది వాళ్లక్క. చిన్నప్పుడు ఏదడిగినా మూడుసార్లు ఆలోచించుకుంటే గానీ జవాబు చెప్పేవాడు కాదట. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచిందీ, చదివించిందీ ఆ అక్కే. ఆ పేరు బడికి పాకింది, అక్కణ్ణుంచి ఆఫీసుకీ పాకింది. ఇప్పుడు యాభైకి దగ్గరపడ్డా ఆయన నిదానమే.

మా ఇద్దరి వాటాలకీ మెట్లు ఒకటే. ఆ మెట్ల మీద కూర్చుని ఆయన చెబుతుంటే, ఆయన పనేమిటో నాకు బోధపడడానికి చాలా సాయంత్రాలు పట్టింది. నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి.

ఆసుపత్రిలో మంచం పక్కన గుండె గీత చూపించే మానిటర్లు తయారుచేసే కంపెనీ ఆయనది. వాటిలో కెర్నెల్ పని చూస్తాడు. కెర్నెల్ అంటే కంప్యూటర్‌లో ఎవరికి ఏ పని, ఎవరికి ఎంత చోటు అని పంచిపెట్టే ఇంటిపెద్ద. ఒంటికి అంటించిన తీగల నుంచి గుండె కొలతలు తెచ్చే చిన్న బోర్డు ఒకటుంటుంది. అది ప్రతి కొలతకూ ప్రాసెసర్ తలుపు తడుతూ కూర్చుంటే, పాపం ప్రాసెసర్‌కి ఇంకో పని సాగదు. అందుకని మెమరీలో కొంత చోటు ఆ బోర్డుకి అప్పగిస్తారు. నేరుగా వచ్చి పెట్టి పో, ఎవర్నీ అడగక్కర్లేదు అని. దాన్ని డీఎంఏ అంటారు. ఆ చోటు ఎక్కడ, ఎంత, ఏ క్షణాన బోర్డుది, ఏ క్షణాన ప్రాసెసర్‌ది అన్నది కెర్నెల్‌కి చెప్పి కుదర్చడం ఈయన ఉద్యోగం.

"ఇందులో తంటా ఏముంది?" అన్నాను.

"ప్రాసెసర్‌కి బద్ధకం ఎక్కువండీ. ప్రతిసారీ మెమరీదాకా పోలేక, ఒకసారి చూసినదానికి నకలు తీసి దగ్గరపెట్టుకుంటుంది. ఈలోగా బోర్డు వెనక గుమ్మంలోంచి వచ్చి కొత్తది పెట్టి పోతుంది. నకలు చింపేసి మళ్లీ చూడవే అని మనం చెప్పకపోతే, పాతదాన్నే కొత్తదనుకుని చదువుతుంది. అబద్ధం చెబుతున్నానని దానికీ తెలీదు."

ఆ తంటా ఒకనాడు వచ్చింది. వాళ్ల పరీక్షల గదిలో గుండెలా నటించే డబ్బా ఒకటుంది. ఒక దెబ్బ తప్పించి కొట్టమని దానికి చెబితే, మానిటర్ మీద తప్పిన చోట కూడా దెబ్బ కనబడింది. ఒకే ఒక్కసారి. కారణం పట్టుకుందామని ఈయన ప్రోగ్రాములో ఒక ప్రింట్ లైను పెట్టాడు. అటువైపు వచ్చినప్పుడల్లా ఒక మాట రాసి పెట్టమని. అంతే, మూడు వారాలు జాడ లేదు. లైను తీసేశాడు. తొమ్మిదో రోజున, రికార్డు చేసే యంత్రం ఆపి ఉన్నప్పుడు, మళ్లీ కనబడిందట.

"ఆ లైను మళ్లీ పెట్టి అక్కడే ఉండనివ్వండి, కాపలా కుక్కలా," అన్నారు తోటివాళ్లు.

"కుక్కని చూసి దొంగ దాక్కున్నాడు, పోలేదు," అన్నాడు ఈయన.

మేనేజరు మేడమ్ మంచిదే. "ఒక్కసారి చూపించండి నిదానంగారూ, మానిటర్లన్నీ ఆపిస్తాను," అంది. చూపించలేకపోయాడు. 'మళ్లీ కనబడలేదు' అని రాసి ఆ ఫిర్యాదు మూసేశారు.

రెండు నెలలకి వాళ్లక్క బట్టలు ఆరేస్తూ కళ్లు తిరిగి పడిపోయింది. గుండె అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పుతోందేమో, రెండు రోజులు మానిటర్ మీద ఉంచి చూద్దామంది డాక్టరమ్మ. తప్పుతుంటే చర్మం కింద గుండెని నడిపించే యంత్రం పెట్టాలి. తప్పకపోతే మాత్ర మార్చి ఇంటికి పంపొచ్చు. నర్సు మానిటర్ తోసుకొచ్చింది. దాని నెత్తిన ఉన్నది ఈయన కంపెనీ గుర్తే.

కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని అక్క మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు.

"చెయ్యి వదలరా, ఎక్కడికీ పారిపోను," అందావిడ.

"ఉండనీ అక్కా."

"ఇంత పెద్ద టీవీ పెట్టారు కదా, అది చూసుకో."

మర్నాడు పొద్దున డాక్టరమ్మ వచ్చి, "ఒక్కసారి కూడా తప్పలేదు," అంది.

"తప్పినా ఇది చెప్పకపోవచ్చండీ," అన్నాడు ఈయన.

"మీ కంపెనీదే కదా ఇది?"

"మాదేనండీ."

"వండినవాడే తినకపోతే మేమేం తినాలండీ?" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం అక్కకి దగ్గు వచ్చింది. గీత రెండు కొమ్ములు వేసినట్టు ఎగిరి సర్దుకుంది. ఈయన అలవాటుకొద్దీ లెక్కపెడుతున్నాడు. పదహారో సెకనులో అవే రెండు కొమ్ములు మళ్లీ వచ్చాయి. వేళ్ల కింద నాడి నింపాదిగా ఉంది.

"అక్కా, ఇప్పుడు దగ్గావా?"

"దగ్గాలన్నా నిన్నడగాలా?"

"దగ్గావా లేదా?"

"లేదురా బాబూ, కళ్లు మూసుకున్నాను."

నర్సుని పిలిచాడు. ఆవిడ వచ్చేసరికి గీత మామూలుగా ఉంది. "బాగానే ఉంది కదా సార్," అనేసి వెళ్లింది.

బోర్డుకిచ్చిన చోట్లో సరిగ్గా పదహారు సెకన్ల కొలతలు పడతాయి. చివరిదాకా నింపి, మళ్లీ మొదటినుంచి నింపుతూ గానుగెద్దులా తిరుగుతుంది. ఒక్కోసారి కొలతల మూట సగం చివర్న, సగం మొదట్లో పడుతుంది. చివరి సగానికి నకలు చింపమని కెర్నెల్‌కి చెప్పి ఉంది. మొదటి సగానికి చెప్పలేదు. ప్రింట్ లైను ఉన్నన్నాళ్లూ, ఆ రాతకి చోటు చాలక పాత నకలు దానంతటదే పోయేది. ఆరేళ్ల కిందట అది రాసింది ఈయనే.

వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాడు. "మేడమ్, తప్పు దొరికింది. నేను రాసిన ప్రోగ్రాములోనే."

"మార్చడానికి ఎంతసేపు?"

"నిమిషం."

"నిమిషంలో మార్చినది పరీక్షలూ కాగితాలూ దాటుకుని మంచం దగ్గరికి చేరడానికి నాలుగు నెలలు. మీకు తెలియంది కాదు. ఈలోగా ఆసుపత్రులకి హెచ్చరిక పంపమని పైవాళ్లని అడుగుతాను."

సాయంత్రానికి కబురు వచ్చింది. పరిశీలిస్తారట.

డాక్టరమ్మకి చెబితే ఈసారి నవ్వలేదు. అంతా విని, "వార్డులో అన్నీ ఇవే. తీసేస్తే వీళ్లందర్నీ దేంతో చూడమంటారు?" అంది. గంటకోసారి చేత్తో నాడి చూడమని నర్సులకి చెప్పింది. గంటకోసారి.

మూడో రోజు అక్కని ఇంటికి పంపేశారు. ఈయన చెయ్యి పట్టుకున్నంతసేపూ ఒక్క దెబ్బా తప్పలేదు. కానీ రెండో రోజు రాత్రి భోజనం అయ్యాక కుర్చీలోనే నలభై నిమిషాలు కునుకు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో ఏమైందో గీతకే తెలియాలి. ఆ గీత మాట ఈయన నమ్మలేడు. అక్కని ఉంచమనడానికి రుజువు లేదు, తీసుకెళ్లడానికి ధైర్యం లేదు.

నర్సు అక్క ఒంటి మీద తీగలు ఊడదీసి, మానిటర్‌ని పక్క మంచానికి తోసింది. అక్కడ ఒక ముసలాయన, పక్కన కోడలు. తీగలు అంటించగానే గీత నడక మొదలుపెట్టింది. ఆ అమ్మాయి దాన్నే చూస్తూ ఊపిరి పీల్చుకుంది.

సంచి పట్టుకుని గుమ్మందాకా వచ్చినవాడు వెనక్కి వెళ్లాడు.

"అమ్మా, మామగారి చెయ్యి కాస్త పట్టుకుని కూర్చుంటారా? ఇక్కడ, బొటనవేలి కింద."

"ఎందుకండీ? అందులో కనిపిస్తోందిగా."

మూడుసార్లు ఆలోచించుకున్నాడు. అంతా చెబితే ఆ అమ్మాయి బెదిరిపోతుంది. చేయగలిగిందేమో ఏమీ లేదు.

"కనిపిస్తోంది. అయినా పట్టుకోండి."

పెద్దమనిషి మాట కాదనలేక పట్టుకుంది.

"ఒరే నిదానం, అందరి చేతులూ నువ్వే పట్టిస్తావా? రా," అని గుమ్మంలోంచి అక్క పిలిచింది.

వెళుతూ తిరిగి చూశాడట. చెయ్యి పట్టుకునే ఉంది ఆ అమ్మాయి. చూపు మాత్రం మానిటర్ మీదే.