ఉంగరపు వేలి పాఠం

సింగపూరులో, మా చోవా చూ కాంగ్ ఫ్లాటులో సాయంత్రం ఆరైందంటే నాకు ఒళ్లు మండటం మొదలవుతుంది. సరిగ్గా ఆ వేళకి, రెండో తరగతి చదివే మా మనవరాలు ఇంగ్లీషు వర్కుబుక్కు పట్టుకుని, ఎదురుగా కూర్చున్న నన్ను దాటుకుని వెళ్లి, టాబ్లెట్‌లో మా వదినకి ఫోన్ చేస్తుంది. వదినంటే మా మేనత్త కూతురు, నాకంటే ఏడాది పెద్ద, ఊళ్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పాతికేళ్లు ఇక్కడి బ్యాంకులో ఇంగ్లీషులోనే ఉత్తరాలు రాసి, ఇంగ్లీషులోనే పోట్లాడిన నేను ఇంట్లో ఉండగా, దీనికి గ్రామర్ చెప్పడానికి ఆవిడే కావాల్సి వచ్చింది. పైగా ఆవిడకి ఫోనమ్మమ్మ అని ముద్దుపేరొకటి. నేను ఉత్త అమ్మమ్మని.

నిన్న వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, ఓ చెవి అటు పడేసి కూర్చున్నాను. పిల్ల ఏదో వాక్యం తప్పు రాసినట్టుంది.

"ఉంగరం మర్చిపోయావేంటే బంగారం! ఏదీ, నీ చెయ్యి చూపించు," అంటోంది వదిన.

ఆ ఉంగరం మాట వినగానే నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

మన ఈడు వాళ్లకి చెప్పక్కర్లేదు, అప్పట్లో తెలుగు మీడియం బళ్లలో ఇంగ్లీషు ఆరో తరగతిలో గానీ మొదలయ్యేది కాదు, మొదలైన రోజు నుంచీ రూల్సన్నీ ఎక్కాల్లాగా గొంతెత్తి వల్లించడమే తప్ప అర్థంతో పని ఉండేది కాదు. క్రియకి ఎస్ ఎప్పుడు చేర్చాలో, ఎప్పుడు చేర్చకూడదో తేలక క్లాసు క్లాసంతా మాస్టారి బెత్తానికి అరచేతులు చాచేవాళ్లం. అలాంటి రోజుల్లో ఒక ఉదయం, బడికి నడిచి వెళ్తుంటే, నా తరగతే చదివే వదిన తన చెయ్యి చాపి చూపించింది. ఉంగరపు వేలికి మూడు కణుపులు, అవి హీ, షీ, ఇట్. ఆ వేలికే ఉంగరం తొడుగుతాం, ఆ ఉంగరమే ఎస్. మిగిలిన నాలుగు వేళ్లూ ఐ, వుయ్, యూ, దే. వాటికి ఉంగరం లేదు. అన్నం కలుపుకుంటూ చేతివంక చూసుకుంటుంటే తట్టిందట.

నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. వదిన జడ నాకంటే పొడుగు, దస్తూరీ నాకంటే గుండ్రం, కన్నకూతుర్ని నేనుండగా మా నాన్న కూడా మేనకోడలి తెలివినే నలుగురిలో చెప్పుకునేవాడు. ఇప్పుడు ఇది కూడా దానికే తట్టాలా అని కడుపు రగిలిపోయింది. ఆ మధ్యాహ్నం మాస్టారు ప్రశ్న వేయగానే వదిన కంటే ముందు లేచి, చెయ్యి చాపి, నాకే తట్టిందని చెప్పి ఆ కిటుకంతా వివరించేశాను. మాస్టారు బెత్తం బల్లమీద పెట్టి, నన్ను ముందు నిలబెట్టి, క్లాసందరిచేతా వేళ్లు ముట్టుకుంటూ చెప్పించారు. రెండో వరసలో కూర్చున్న వదిన కూడా తన వేళ్లు తాను ముట్టుకుంటూ నా వెనక పలికింది.

ఆ రోజు నుంచి ఊళ్లో నేను ఇంగ్లీషు పిల్లని. ఆ పేరు చూసే నాన్న నన్ను పట్నంలో కాలేజీలో వేశాడు, ఆ చదువు చూసే ఉద్యోగం ఇచ్చారు, దాని వెనకాలే ఈ సింగపూరూ వచ్చింది. వదిన ఊళ్లోనే ఉండి చిన్న బళ్లో పంతులమ్మ అయింది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా నా ప్రాణం హాయిగా ఉండేది.

పాఠం అయ్యాక పిల్ల టాబ్లెట్ చేత్తో పట్టుకునే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలిస్తూ అడిగింది.

"అమ్మమ్మా, ఈ ఫింగర్ ట్రిక్ నీదేనంట కదా! ఫోనమ్మమ్మ కూడా నీ దగ్గరే నేర్చుకుందంట. సో క్లెవర్ లా, నువ్వు! రియల్లీ నువ్వే కనిపెట్టావా?"

తెర మీద వదిన కళ్లజోడు చీరకొంగుతో తుడుచుకుంటూ నవ్వుతోంది, అంతా వింటూనే ఉంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఈ జన్మలో రాదు. కానీ నా మనవరాలు నన్ను అంత అబ్బురంగా చూడటం అదే మొదటిసారి. అవునని తల ఊపాను.

ఇప్పుడు బెత్తాలు లేవు, వల్లించడాలు లేవు, పిల్లల పుస్తకాల నిండా రంగురంగుల బొమ్మలు, సముద్రం అవతల నుంచి పాఠం చెప్పే ఫోన్లు. అంతా మారింది, నేనే మారలేదు. అప్పుడు లాక్కున్నదాన్ని ఇప్పుడు వదినే పిలిచి చేతిలో పెడితే రెండోసారీ తీసుకున్నాను. చదువూ, ఉద్యోగమూ, దేశమూ అన్నీ నాకే దక్కాయి, అయినా ఆవిడని చూస్తే నాకిప్పటికీ కడుపుమంటే. తనదాన్ని అలా ఇచ్చేసి, తీరిగ్గా కళ్లజోడు తుడుచుకోవడం నాకెప్పుడు చేతనవుతుంది? రేపు పాఠానికి తన పక్కనే కూర్చోమంది మనవరాలు, ఇంతకాలం నేను కోరుకున్నదీ అదే. తీరా ఇప్పుడు ఆ తెర ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలో తెలియడం లేదు.