తెర మీద ఎవరు?

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీ గేటుకు ఎదురుగా నాదొక రేకుల డబ్బా ఉంది. పదకొండేళ్ళుగా అందులో కూర్చుని నేను ఇతరుల ఫోన్లు కాపాడుతున్నాను. కంపెనీ లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. షిఫ్టుకు వచ్చినవాళ్ళు నాకిచ్చి పోతారు, పని దిగాక తీసుకుని పోతారు. మా ఆయన వడ్రంగి. ఫోన్లు పెట్టుకోవడానికి ఎనభై అరలు ఆయనే కొట్టి గోడకు బిగించి, మరుసటేడే గుండె ఆగి పోయాడు. పిల్లల్లేరు. పొద్దంతా నా వెనక ఎనభై ఫోన్లు మోగుతుంటాయి. అందులో ఒక్కటీ నాకోసం కాదు. మోగినా ఎత్తకూడదని నేనే నియమం పెట్టుకున్నాను.

మొదట్లో ఇంచుమించు అందరి ఫోన్లూ ఒకలాంటివే. బస్టాండు దగ్గరి షాపుల్లో తక్కువ ధరకు దొరికేవి రెండు మూడు రకాలు, వాటిలో గట్టిది ఒకటి. నల్లటి ఒళ్ళు, వెనక గుండ్రటి కెమెరా. కంపెనీలో సగంమంది దగ్గర అదే. నా దగ్గరా అదే. పేరు రాసి చీటీ అతికిస్తే ఊడిపోయేది. టోకెన్లు చేయించి ఇస్తే లోపల పారేసుకుని వచ్చి నా మీదే అరిచేవాళ్ళు. నా నోరూ తక్కువది కాదు, అరవడంలో నేనే గెలిచేదాన్ని. కానీ రోజూ ఎంతని అరుస్తాం? అందుకని ఒక పద్ధతి పెట్టాను. ఫోను తీసి, నా వైపు తిప్పుకుని, తెర వెలిగించి అడిగేదాన్ని.

"తెర మీద ఎవరు?"

చెబితేనే ఫోను.

"మా బిడ్డ, పచ్చగౌను." "మా ఎడ్లు." "మా అమ్మ, చర్చి ముంగట నిలవడ్డది." ఒడిశా పిల్లగాడొకడు సిగ్గుపడి హిందీలో, "హోనేవాలీ హై" అనేవాడు. పెళ్ళి కుదిరిన పిల్లన్నమాట. ఆర్నెల్లకు ఆ తెర మీద అదే పిల్ల నుదుట సిందూరంతో కనిపించింది. ఒకడు తన ఫొటోనే పెట్టుకుంటే, "ఇంట్ల అద్దం లేదారా?" అని పరువు తీశాను. ఎవరింట్లో ఎవరు పుట్టారో, ఎవరు ఇల్లు కట్టారో నాకు తెలిసేది. చూసి ఊరుకోకుండా ఒక మాట అనేదాన్ని, వాళ్ళొక మాట చెప్పేవాళ్ళు. సాయంత్రం ఆ గంటసేపటి కోసమే నేను పగలంతా కూర్చునేదాన్ని. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

జోగిపేట పక్క ఊరతను ఒకడు బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. పటాన్‌చెరులో గది కిరాయికి తీసుకుని, శనివారం సాయంత్రం ఇంటికి పోయి సోమవారం పొద్దున వచ్చేవాడు. అతని కూతురు నా కళ్ళ ముందే పెరిగింది, తెర మీదే అనుకోండి. ఉయ్యాలలో ఉండగా చూశాను, బొటనవేలు చీకుతుండగా చూశాను, అంగన్‌వాడీకి పోతూ ఏడుస్తుండగా చూశాను. అతని అర పక్క అరలోనే నా ఫోను పెట్టుకునేదాన్ని.

ఒక శనివారం పెద్ద వాన. కరెంటు పోయింది. బస్సు కదులుతోందని అందరూ ఒకేసారి మీద పడ్డారు.

"అక్కా, జల్దీ ఇయ్యి, బస్సు పోతది!"

తెర వెలిగించలేదు, అడగలేదు. చేతికందింది ఇచ్చేశాను. ఇంటికొచ్చి టైము చూద్దామని ఫోను తీస్తే తెర మీద ఆ పిల్ల! అంతలోనే అది మోగింది. ఏదో తెలియని నంబరు. ఎత్తితే అతనే.

"అక్కా, నీ ఫోను నాకాడికి వచ్చింది. సంగారెడ్డి దాటినం. సోమారం తెస్త, పరేషాన్ గాకు."

ఆ తెలియని నంబరు నాదే. నా నంబరు నుంచి ఫోను రావడం నేనెన్నడూ చూడలేదు మరి.

ఆదివారమంతా అతని ఫోను ఊపిరి తీసుకోలేదు. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నా సంచిలోంచి తీన్మార్ డప్పు మోగింది. బయటికి పరుగెత్తాను. అతని బావమరిది. తర్వాత గదిలో ఉండే స్నేహితుడు. తర్వాత ఎవరో పెద్దాయన, గొర్రెల గురించి. "ఇది ఆయన ఫోనే, నేను ఫోన్లు పెట్టే అక్కను" అని ప్రతి ఒక్కరికీ చెప్పాను, చెప్పాల్సిన దానికంటే ఎక్కువే చెప్పాను. ఆరాధన అయ్యాక నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరి, "ఎవరమ్మా ఫోను?" అని నవ్వుతూ అడిగారు. ఏళ్ళుగా వాళ్ళతో వందనాలు తప్ప వేరే మాట లేదు నాకు.

మధ్యాహ్నం ఆ పిల్లే చేసింది, తల్లి ఫోన్లోంచి.

"నా ఆట ఆడకు. పాయింట్లు పోతయి."

"ఆడనే తల్లీ."

"చార్జింగ్ పెట్టినవా?"

"పెట్టిన."

"నీకు పిల్లలున్నరా?"

"లేరు."

"మరి నీ ఫోన్ల ఆటలెవరు ఆడుతరు?"

ఎవరూ ఆడరని చెప్పాను. పాపం అంది. పెట్టేసింది.

సోమవారం అతను నా ఫోను రుమాలులో చుట్టి తెచ్చాడు.

"నీకు ఎవలన్న చేస్తె చెప్దామని పక్కనే పెట్టుకున్న అక్కా. ఒక్క ఫోను గూడ రాలె. ఖరాబైందేమోనని మా ఆమె ఫోన్లకెల్లి ఒకసారి చేసి సూసిన. మంచిగనే మోగింది."

మంచి మనిషి, మంచి మనసుతోనే అన్నాడు. ఫోన్లో ఆ ఒక్క మిస్‌డ్ కాల్ చాలా కాలం తుడిచేయకుండా ఉంచుకున్నాను.

ఆ తర్వాతే మోడళ్ళు ముంచుకొచ్చాయి. ఒకే కంపెనీ ఎనిమిది వేలకొకటి, తొమ్మిది వేలకొకటి, పన్నెండుకొకటి, పద్నాలుగున్నరకొకటి. పేరు చివర ఒక అంకె మారుస్తారు, ఒక రంగు మారుస్తారు. ఆకుపచ్చ, ఊదా, నెమలికంఠం. ఇక నా అరల్లో ఏ రెండు ఫోన్లూ ఒకలా లేవు. పని దిగినవాళ్ళు దూరం నుంచే వేలు చూపిస్తారు. "గా నీలిది." "వో హరావాలా," అంటే పచ్చది. ఇస్తాను, పోతారు. తెర వెలిగించే పని లేకుండా పోయింది. పొరపాట్లు కూడా పోయాయి.

"గిన్ని మోడళ్ళు ఎందుకురా? ఒకటో రెండో మంచిగ చేసి అమ్మరాదా?" అని ఒకరోజు నేను గొణుక్కుంటుంటే జోగిపేటతను నవ్వాడు. అప్పుడే కొత్తది కొన్నాడు, ముదురాకుపచ్చది.

"గట్లంటె ఎట్లక్కా? ఎన్కట మంచి కెమెరా గావాల్నంటె ఇరవై వేలు. ఇప్పుడు నా అసుంటోనికి గూడ దొరుకుతున్నది. బిడ్డ ముంగటి పన్ను ఊడింది, ఫొటో ఎంత సాఫ్‌గ వచ్చిందో!"

అతనన్నది నిజమే. తక్కువ జీతమున్న మనిషికి అతని జేబుకు సరిపోయే ఫోను దొరకాలి, దొరుకుతోంది. నాకు కావాల్సింది మాత్రం అందరి ఫోన్లూ మళ్ళీ ఒకలా ఉండటం. అది ఏ కంపెనీవాడికి చెబుతాను? ఆ పన్ను ఊడిన ఫొటో చూపించమందామనుకున్నాను. అప్పటికే అతను బస్సెక్కాడు.

మొన్న నా నల్ల ఫోను పూర్తిగా ఆగిపోయింది. షాపులో కుర్రాడు బల్ల మీద తొమ్మిది ఫోన్లు పరిచాడు. నేను వాటివైపు చూడకుండా, జోగిపేటతని ఫోను పేరు చెప్పి అదే కావాలన్నాను, అదే ముదురాకుపచ్చ రంగులో. రెండూ ఒకలా ఉంటే కనీసం ఒక్క మనిషినైనా తెర మీద ఎవరని అడగొచ్చు కదా, అదీ నా ఎత్తు.

"గా మోడల్ బందైంది ఆంటీ. దాని తర్వాతది వచ్చి, అదిగూడ అయిపోవట్టింది."

అతను కొని ఏడాది కూడా కాలేదు. చివరికి కాస్త ఆ పోలికలున్నదే, ఆకుపచ్చదే తెచ్చుకున్నాను. తెచ్చి అతని అర పక్కన పెట్టాను.

సాయంత్రం అతను దూరం నుంచే తన ఫోను గుర్తుపట్టాడు. రెండు ఫోన్లకూ తేడా అంత దూరానికే తెలిసిపోయింది. నేను తీసిస్తుంటే పక్క అరలో చూసి ఆగాడు.

"కొత్తదా అక్కా? నీదేనా?"

చెయ్యి చాపి నా ఫోను అందుకున్నాడు. తెర వెలిగించి, నాకు కనబడకుండా తన వైపు తిప్పుకున్నాడు. నవ్వుతూ, అచ్చం నా గొంతుతో అడిగాడు.

"తెర మీద ఎవరు? చెప్తెనే ఫోను."

అతను తల వంచి తెర వైపు చూశాడు. నవ్వు ఆగింది.

"గుట్ట ఉన్నది. ఏడిదక్కా ఇది?"

"తెల్వదు," అన్నాను. "ఫోనుతోనే వచ్చింది."