సగం వరస తుంగ

మా మేనత్త మంగళవారం తెల్లవారుతూనే పోయింది. కళింగపట్నం నుంచి తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను రాజాంలో దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. ముందు రోజు సాయంత్రం కూడా దిబ్బ మీదికి వెళ్లి తుంగ నాటి వచ్చిందట. ఆ మాట విని, ఎత్తిన షట్టర్ మళ్లీ దించేసి బస్సెక్కాను.

మీలో చాలామందికి తుంగ అంటే పొలంలో పీకి పారేసే కలుపు. సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీద పెరిగే తుంగ వేరు. పైకి జానెడే కనిపిస్తుంది. కింద మాత్రం దాని వేరు తాడులా బారలకొద్దీ పాకుతుంది, దాని పొడవునా వరసగా మొలకలు లేస్తాయి. అత్త ఇల్లు అలాంటి దిబ్బ వెనకే. ఎండుచేపలు అమ్ముకుని బతికిన మనిషి, నెత్తిన తట్ట ఎంత బరువున్నా తుంగను తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లేది. మేం ఎగతాళి చేసేవాళ్లం.

నేనింకా సముద్రంలో చేపల వేటకు వెళ్లే రోజుల్లో, ఆరేసిన వలలు తుంగకు చిక్కుకుని చిరుగుతున్నాయని, ఆమె సంతకు వెళ్లిన పూట చూసి మరీ పారతో దిబ్బంతా చెక్కేశాను. తిరిగొచ్చి తట్ట దించింది. తిడుతుందనుకున్నాను.

"ఒరే, వల ఆరెయ్యడానికి సోటు సూసుకున్నావు. ఇసకని ఏటి పట్టుకుంటాదో సూసుకోలేదు" అని లోపలికి పోయింది.

ఆ ఏడు గాలులకు దిబ్బ కదిలింది. ఆమె పొయ్యిలో ఇసుక, అన్నంలో ఇసుక. వెనక గోడ సగం పూడిపోయింది. చేసింది నేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు. అవతలి దిబ్బ నుంచి నాలుగు తుంగ వేళ్లు తెచ్చి, ముక్కలు చేసి, తడి తగిలేదాకా తవ్వి ఒక్కొక్కటే నాటడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లకు పట్టుకుంటుందని అడిగితే, "మనం ఒగ్గేయకపోతే అదీ ఒగ్గేయదురా" అనేది.

నేనే ఒగ్గేశాను. వేట మానేసి, ఊరూ దిబ్బా వదిలేసి రాజాం చేరాను. ఈ ఏడు తొలకరి పడగానే ఆమే ఫోన్ చేసింది. "నడుం వంగడం నేదురా. ఓ పూట వచ్చి పాతిపెట్టు" అంది. ఆదివారం వస్తానన్నాను. ఆ ఆదివారం సరుకు దిగింది. తర్వాతి ఆదివారం ఏం అడ్డొచ్చిందో ఇప్పుడు గుర్తు కూడా లేదు. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అంత్యక్రియలయ్యి అందరూ వెళ్లిపోయాక వంటింటి గుమ్మం పక్కన గోనెపట్టా కనిపించింది. విప్పితే వేరు ముక్కలు. ఇంకా తడి ఆరలేదు. దిబ్బ మీద ఆమె వరస సగంలో ఆగి ఉంది. మిగతా సగం నేను నాటాను, ఏడుస్తూనే.

పన్నెండో రోజు మళ్లీ వెళ్లాను. రోజుకు కొంచెం చొప్పున ఆమె నాటినంత మేరా పచ్చటి మొనలు లేచాయి, తాడు పట్టి గీసినంత తిన్నగా. ఆ తర్వాత నావి. అక్కడ ఇంకా ఒట్టి ఇసుకే. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చుకుని ఆ పక్కనే కూర్చున్నాను.