కింది నుంచి పైకి చదివిన వరదయ్య

వరదయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా తన పేరు అచ్చులో చూసుకోవాలన్న ఒక్క యావ. చెప్పొద్దూ, ఆ యావే కొంప ముంచింది.

ఉదయగిరి పక్కన పెద్దమిట్ట ఆయనది. ముప్పై రెండేళ్ళు తెలుగు అయ్యవారుగా చేసి రిటైరయ్యాడు. బాప్టిస్టు కుటుంబం. ఆదివారం చర్చిలో ముందు బెంచీ, మిగతా ఆరు రోజులూ పద్యాలు. ఎవరి పెళ్ళి పత్రికలో ఒత్తు ఎగిరిపోయినా ఆయనకు అన్నం సహించదు. అలాంటి మనిషికి ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, మేడ మీద, పూర్వాచార ప్రచురణలు అనే సంస్థ దొరికింది.

అది పూర్వాచార రక్షణ సమితి వాళ్ళది. పాత పద్ధతులు పోకూడదని సభలు పెడతారు, నాయకుల చుట్టూ అర్జీలు పట్టుకుని తిరుగుతారు, ఎన్నికలొస్తే ఎవరికి ఓటెయ్యాలో కరపత్రాలు పంచుతారు. పుస్తకాల పని చూసేది రామనారాయణ. వరదయ్యతో కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు.

"వాళ్ళ పుస్తకాలకు నువ్వు పోయేదేంది నాయనా?" అని కూతురు రూబీ అడిగింది.

"అక్షరానికి మర్యాదిచ్చేది ఈడ వాళ్ళొక్కరే మా," అన్నాడు. జీతం మాటెత్తలేదు. పుస్తకం చివర పేరు వేస్తే చాలన్నాడు. వేశారు కూడా, ఆఖరి పేజీలో: 'సరిచూసినవారు: వరదయ్య, పెద్దమిట్ట'. ఆ పేజీ తెరిచి ఎంతమందికి చూపించాడో!

ఆయన ప్రూఫు దిద్దే తీరే వేరు. విషయం వెంట పడితే కన్ను మోసపోతుందని పేజీ ఆఖరి వరసలో మొదలుపెట్టి పైకి చదువుతాడు. అర్థం జోలికి పోకపోతేనే తప్పు దొరుకుతుందని గొప్పగా చెప్పేవాడు. ఎనిమిది పుస్తకాల్లో ఒక్క అచ్చుతప్పు దొర్లలేదు. తొమ్మిదోది 'మన ఆలయ భూములు'. అందులో ఒకచోట తన ఊరి పేరులో ఒత్తు పడకపోతే, మురిసిపోతూ తనే పెట్టాడు. మూడు రోజుల్లో దిద్ది, 'అచ్చుకు ఇవ్వవచ్చు' అని సంతకం చేశాడు.

పుస్తకం ఇంటికొచ్చాక రూబీ అందరిలాగే పై నుంచి కిందికి చదివింది. నలభై మూడో పేజీలో ఆగిపోయింది. పెద్దమిట్ట క్రైస్తవుల సమాధుల దొడ్డి మొత్తం ఆంజనేయస్వామి మాన్యమేనట. అక్కడ పూడ్చడం పదేళ్ళ కిందటే మొదలైందట. పదేళ్ళా! వరదయ్య తాత అక్కడే ఉన్నాడు. నాలుగేళ్ళ కిందట భార్య లిదియమ్మనూ అక్కడే పెట్టారు. ఆమె పక్కన తనకని జాగా కూడా చూపించుకున్నాడు.

"సోమవారం ఆర్డీవో ఆఫీసులో హియరింగంట నాయనా. సమాధులు తీయించమని సమితి వాళ్ళు అర్జీ పెట్టుండారు. ఈ పుస్తకమే సాక్ష్యమంట. దాని చివర నీ పేరుండాది." రూబీ ఆఖరి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది.

వరదయ్య చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆత్మకూరు బస్సెక్కాడు.

"ఒరే రామా, ఆ పేజీ చింపించరా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"వెయ్యి కాపీలు పంచేసినారు వరదా. నా చేతిలో ఏముండాది?"

"తప్పొప్పుల పట్టికన్నా వెయ్యరా. పదేళ్ళు కాదు, నూరేళ్ళని."

"అది అచ్చుతప్పులకురా. రాసినాయన పదేళ్ళనే రాసినాడు, పదేళ్ళనే పడింది. తప్పేడుండాది?"

"ఆ దొడ్డిలో నా లిదియ ఉండాదని నీకు తెలీదా?"

రామనారాయణ తల వంచుకున్నాడు. "తెలుసు. నువ్వు వద్దంటావేమోనని ఎదురుచూసినా. దిద్ది, సంతకం పెట్టి పంపించినావు. నీకు సమ్మతమే అనుకున్నా." అందులో అబద్ధం లేదు. అదే వరదయ్యను కుదిపేసింది.

ఆ ఆదివారం చర్చిలో ఆయన వెనక బెంచీలో కూర్చున్నాడు. ఎవరూ ముందుకు రమ్మనలేదు. దొడ్డిలో రాళ్ళ మీది తేదీలు చూద్దామని పోతే, పాతవన్నీ మట్టి దిబ్బలే. అయ్యో, పేరు చెక్కిన రాళ్ళన్నీ ఈ పదేళ్ళలో వేసినవే!

సోమవారం అధికారి పుస్తకం ఆఖరి పేజీ తిప్పాడు. "వరదయ్య ఎవరండీ? మీ ఊరివారే సరిచూశారు కదా?"

వరదయ్య లేచాడు. "అక్షరాలు చూసినాను సార్. అర్థం చూడలా. కింద నుంచి పైకి చదివినా."

హాల్లో నవ్వులు. అధికారి నవ్వలేదు. "తెలుగు అయ్యవారు అర్థం చూడకుండా సంతకం పెట్టారా?"

"పెట్టినాను సార్."

"ఇది అబద్ధమనడానికి మీ దగ్గర కాగితమేమైనా ఉందా?"

"మా తాత ఉండాడు సార్. ఆ మట్టిలో ఉండాడు." పదిహేను రోజుల్లో కాగితం తెమ్మన్నారు. తేకపోతే ఈ పుస్తకాన్నే లెక్కలోకి తీసుకుంటామన్నారు.

మెట్లు దిగుతుంటే తమ క్రైస్తవుల పాళెం పెద్ద డేవిడ్‌రాజు ఎదురయ్యాడు. తిడితే బాగుండేది. ఆయన పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

పొద్దు వాలే వేళకు వరదయ్య పుస్తకం పట్టుకుని లిదియమ్మ దగ్గరికి పోయాడు. రాతి పక్కన కూర్చుని నలభై మూడో పేజీ తెరిచాడు. ఈసారి పై నుంచి కిందికి, గొంతెత్తి, ఒక్కో మాటా అర్థం తెలిసేలా చదివాడు. ఒక్క అచ్చుతప్పు లేదు. చదవడం అయ్యాక వలవలా ఏడ్చాడు.

"నీ పక్క జాగా నాకొద్దు లిదియా," అన్నాడు. "నీ జాగా నీకు మిగిలితే చాలు."