సముద్రం రోడ్డు మీద రెండు హారన్లు

ఈ పొద్దున మా కాలనీ వీధిలోకి పీచుమిఠాయి బండి వచ్చింది. బండివాడు రబ్బరు హారన్ పిసికి ‘భోం’ అని ఒక్కసారి మోగించాడు. అంతే! కరివేపాకు చెట్టుకు నీళ్లు పోస్తున్న మా ఆయన, బకెట్ సగం వంచినవాడు వంచినట్టే ఆగిపోయాడు. నీళ్లన్నీ కాళ్ల మీద పోతున్నా కదలడే! నేను గుమ్మంలో నిలబడి కడుపు పట్టుకొని నవ్వాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. ఆ ‘భోం’ వెనక మేమిద్దరం సైకిళ్ల మీద తిరిగిన సముద్రపు ఒడ్డు ఉంది. అది చెప్పకపోతే నాకు ఈ పూట అన్నం అరగదు.

మా ఆయన నాకు మేనబావ. పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే, పిలుపు మార్చుకునే పనే పడలేదు. గోదావరిఖనిలో బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే యంత్రం మీద ఆయన డ్యూటీ. తాడు రెండో కొస ఎక్కడో గని చీకట్లో ఉంటుంది. అక్కడి మనిషి కనపడడు, కేక వినపడదు, గంట మాత్రమే వస్తుంది. ఒకటి మోగితే ఆపాలి. రెండు మోగితే నడపాలి. మూడు మోగితే ఈసారి బండిలో ఉన్నది బొగ్గు కాదు, మనుషులు, మెల్లగా పోవాలి. ఎందుకని అడగకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. “అడుక్కుంట కూసుంటే ఆడ మనిషి నలిగిపోతడే” అనేవాడు. పెళ్లయిన కొత్తలో పక్కింట్లో పూజగంట మోగితే చాలు, ఈయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగేది. పూజలో గంట ఎన్నిసార్లు మోగిందో లోకంలో ఎవరైనా లెక్కపెడతారా, పాపం మా బావ తప్ప!

ఆయనతో పాటు పనిచేసిన ఒకాయన విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాడు. గని లోపల టిఫిన్ డబ్బాలు విప్పితే ఆయనకు ఒకటే కథ. వైజాగ్ నుంచి భీమిలికి ఒక రోడ్డుందట, సైకిల్ మీద పోతుంటే సముద్రం కూడా పక్కనే వస్తుందట, దాని హోరు చెవుల్లో కాదు, కడుపులో వినపడుతుందట. బస్సులో పోతే ఇంజను ఆ హోరును మింగేస్తుందట, అందుకే సైకిలే తొక్కాలట. మా బావ ఈ కథను మనసులో మూటకట్టుకొని రిటైరయ్యాడు. అప్పటికే యంత్రం రొద చెవులను సగం తినేసింది. చెవుల డాక్టరు పరీక్ష చేసి, పోయింది తిరిగి రాదు, ఉన్నది కూడా తగ్గుతూ పోతుందని చెప్పాడు. ఇంటికి వచ్చి మంచం మీద కూర్చొని బావ ఒక్కటే మాటన్నాడు. “ఉన్న చెవి ఉండంగనే సముద్రం ఇనాలె.” చెవికి మిషన్ ఇస్తే, గాలికి అది ఈలలేస్తున్నదని తీసి అల్మారీలో పడేశాడు.

మంచిర్యాలలో ఉండే మా బిడ్డ ఫోన్‌లో అగ్గి మీద గుగ్గిలమైంది. “ఎనుక ఏమొస్తున్నదో ఇనరానోనివి, రోడ్డు మీద సైకిల్ తొక్కుతవా బాపూ? ఎనుక మనిషి లేకుంట కదిలితే నా మీద ఒట్టే!” వెనక మనిషి ఎవరు? ఆయన దోస్తులలో ఒకరికి మోకాళ్ల నొప్పి, ఇంకొకరికి ఆయాసం. మిగిలింది నేను. నాకేమో సైకిల్ రాదు. యాభై దాటిన మనిషిని, బిడ్డ పాత పంజాబీ డ్రెస్సు తొడుక్కొని, క్వార్టర్ల వెనక గ్రౌండ్‌లో పడుతూ లేస్తూ తిరుగుతుంటే పక్క క్వార్టర్ అక్క గోడ మీద చేతులానించి చూసేది. “ఏందే, సర్కస్‌ల నౌకరి దొరికిందా?” అని అడిగింది. “దొరికింది, నీకు గూడ చెప్పుమంటవా?” అన్నాను. మోచేతులు చెక్కుకుపోయాయి, మోకాళ్లు నల్లబడ్డాయి. కానీ కాళ్లు నేల వదిలేసి సైకిల్ తనంత తాను ముందుకు జారిన ఆ మొదటిసారి, అబ్బ, నా ఒళ్లంతా పూనకం వచ్చినట్టయింది! ఇన్నేళ్లు షిఫ్టు సైరన్ వింటూ ఆయన కోసం గుమ్మంలో నిలబడిన దాన్ని, ఇప్పుడు ఆయనను నడిపించేది నేను.

అయితే మొదటి రోజే దెబ్బ తగిలింది. నేను వెనక నుంచి సైకిల్ గంట ట్రింగుట్రింగుమని కొడితే ఆయనకు వినపడనే లేదు. సన్న చప్పుళ్లు పోయాయి, మోటు చప్పుళ్లే మిగిలాయి. బావ ముఖం చిన్నబోయింది. నాకు మటుకు పంతం పుట్టింది. బజారుకు పోయి పీచుమిఠాయి బండ్లకు కట్టే రబ్బరు హారన్ కొని నా సైకిల్‌కు బిగించాను. ఒక్కసారి ‘భోం’ అన్నాను. ముందు పోతున్న మనిషి టక్కున ఆగాడు! రెండు కొడితే కదిలాడు. మూడు కొడితే వెనక్కి చూడకుండానే భుజాలు ఊపుతూ నవ్వాడు. “గిప్పుడు మన గని మల్ల నడుస్తున్నది” అన్నాడు.

సైకిళ్లను కూడా రైల్లోనే వేసి, రామగుండంలో ఎక్కి వైజాగ్‌లో దిగాం. మర్నాడు పొద్దున్నే బీచ్ రోడ్డు ఎక్కాం. ఎంత నీళ్లు! మా గోదావరి నిండుగా పారితేనే నోరు వెళ్లబెట్టేదాన్ని, దీనికి అవతలి ఒడ్డే లేదు. కుడిపక్క మెరుస్తూ నీళ్లు, ఎడమపక్క ఎర్రమట్టి కొండలు, ఇసుకలో బోర్లించిన పడవలు, ఎండు చేపల వాసన. ఋషికొండ దాటాక రోడ్డు ఎక్కడం దిగడం, ఎక్కడం దిగడం. “ఎక్కుడు తొక్కుత, దిగుడు నడుస్త” అని నేను ముందే షరతు పెట్టాను. పల్లంలో సైకిల్ తొక్కాలంటే నాకు ప్రాణం మీదికొస్తుంది. ఆయన ప్రతి పల్లం కింద నిలబడి, సైకిల్ నడిపించుకొచ్చే నన్ను చూసి నవ్వేవాడు. ఆ నవ్వు మధ్యలోనే తల సముద్రం వైపు తిప్పి, చెవి ఒగ్గి, చేయి అడ్డంగా ఊపేవాడు. వినపడలేదని. కార్లు, మోటారు సైకిళ్లు, పాటలు పెట్టుకొని పోయే జీపులు. ఇంత దూరం వచ్చి సముద్రాన్ని ఉత్తగా చూసి పోతామేమోనని నాకు దిగులు పట్టుకుంది.

ఒక మిట్ట మీద కొబ్బరి బొండాల దగ్గర ఆగాం. ఆయన ముందే తాగేసి, సైకిల్ మీద ఒక కాలు వేసుకొని నా కోసం నిలబడ్డాడు. నేను బొండాం ఎత్తి తాగుతున్నాను. అప్పుడే చేపల పెట్టె కట్టుకున్న సైకిల్ ఒకటి మా వెనక్కి వచ్చింది. దానికీ నాదానిలాంటి హారనే. ‘భోం భోం’ అన్నాడా మనిషి. రెండు! మా బావ వెనక్కి తిరిగి చూస్తాడా? చూడడు. ఎందుకని అడుగుతాడా? అడగడు. పెడల్ మీద కాలేసి పల్లంలోకి జారిపోయాడు. “ఓలమ్మో, మీ ఆయనెల్లిపోతన్నాడు సూడు!” అని బొండాలమ్మే ఆమె అరిచింది. “బావా! బావా!” అని నేనూ అరిచాను. ఎవరికి వినపడాలి? కింద మలుపులో ఐస్ దిమ్మెల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా వెనక్కి వస్తున్నది. దాని అరుపు సన్నని కూత, ఆయన చెవికి అందని రకం. ఆయనేమో తల సముద్రం వైపు తిప్పుకొని పోతున్నాడు.

బొండాం ఎక్కడ పడేశానో తెలియదు. సైకిలెక్కి ఆ పల్లంలోకి దూకాను. చున్నీ ఎగిరి ముఖం మీద పడింది, చక్రాలు నా మాట వినడం మానేశాయి, రోడ్డు నా కిందనుంచి పారిపోతున్నది. భయపడడానికి కూడా తీరిక లేదు. దగ్గరికి వచ్చానని అనిపించగానే ప్రాణమంతా చేతిలోకి తెచ్చుకొని పిసికాను. ‘భోం!’ ఒక్కటి. మా బావ రెండు బ్రేకులూ పట్టి ఆగిపోయాడు. ముందు చక్రానికీ లారీకీ మధ్య మూరెడు జాగా ఉందో లేదో. నేను మాత్రం ఆయన పక్కనుంచి దూసుకుపోయి ఇసుకలో కూలబడ్డాను. లారీ వాళ్లు పరిగెత్తుకొచ్చారు. బావ వచ్చి నన్ను లేపుతూ, “నువ్వే గదనే రెండు కొట్టినవ్, మల్ల ఒకటెందుకు కొట్టినవ్?” అని నా మీదే గరమయ్యాడు. మా వెనకే దిగివచ్చిన చేపలవాణ్ణి చూపించాను. ఆ సైకిల్‌ను, నా సైకిల్‌ను మార్చి మార్చి చూశాడు. తర్వాత లారీని చూశాడు. ఆ పైన నేను దిగివచ్చిన పల్లాన్ని చూశాడు. “అంత పల్లం తొక్కుకుంట వచ్చినవా?” అన్నాడు. ఆ గొంతు పెళ్లిపీటల మీద కూడా నేను వినలేదు!

లారీ పోయింది. రోడ్డు కాసేపు ఖాళీ అయింది. మేమిద్దరం ఇసుకలో కూర్చున్నాం. అప్పుడు ఆయన చేయి నా చేతిని గట్టిగా పట్టుకుంది. “ఇనవడ్తున్నదే!” అన్నాడు. “నిజంగ?” అన్నాను. “కడుపుల ఇనవడ్తున్నది. గనిల దూరంగ బ్లాస్టింగ్ అయినట్టే ఉన్నది. కాని గీ చప్పుడుకు ఉరికేది లేదు, ఫికర్ లేదు. ఎంతసేపన్న కూసోవచ్చు.” కూర్చున్నాం. లేచి బయలుదేరేటప్పుడు నేను మూడు కొట్టాను. ఆ సాయంత్రం భీమిలిలో దిగేదాకా ఒక్క పల్లం కూడా నడవలేదు.

ఈ మధ్య పక్కనే నిలబడి కేకేసినా ఆయనకు అందడం లేదు. సైగలతో బతుకుతున్నాం. అందుకే ఈ పొద్దున పీచుమిఠాయి హారన్‌కు ఆయన ఆగిపోతే నవ్వుతూ ఏడ్చాను. చెవి ఇంకా ఉంది! బండి వీధి దాటగానే నా సైకిల్ మీది దుమ్ము తుడిచి హారన్ రెండుసార్లు పిసికాను. బావ ఎందుకని అడగలేదు. బకెట్ కింద పెట్టి, లోపలికి పోయి గాలి పంపు తెచ్చాడు. ఒకటి కొడితే మా బావ ఆగుతాడు కానీ కాలం ఆగదు కదా, అందుకే నేను రెండు కొట్టాను.